నాలుగో జ్వరం లోపే అసైన్‌మెంట్ ముగించండి



మన గుంపులో రోజూ నడిచే మాటలు మీకు తెలిసినవే. ఆకు ముడత పడింది, పురుగు మేత సరిగ్గా తినడం లేదు, హిందూపురం మార్కెట్లో ఈ రోజు గూళ్ళు ఎంత పలికాయి. ఈ వారం కొంచెం పక్కకు వచ్చి, మన ఇళ్ళల్లో పని చేసుకుంటా చదువుకుంటున్న వాళ్ళ గురించి రాస్తున్నాం. ముఖ్యంగా చెన్నైలో ఉన్న పిల్లల గురించి. అక్టోబర్ దగ్గరికి వచ్చేస్తోంది కాబట్టి ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఇగ్నోలో డిసెంబర్ పరీక్షలు రాసేవాళ్ళు అసైన్‌మెంట్లు ఇచ్చే గడువు ఈ మధ్య ఏళ్ళలో మామూలుగా అక్టోబర్ నెలాఖరుకి పెడుతున్నారు. అదే నెలలో చాలా షెడ్లలో పురుగులు అయిదో దశలో ఉంటాయి. రెండూ ఒక్కసారి మీద పడితే ఇంట్లో ఏం జరుగుతుందో చాలా మందికి అనుభవమే.

కుప్పం, గుడిపల్లె, వి.కోట, పలమనేరు వైపు నుంచి పిల్లలు చెన్నై పోవడం కొత్త కాదు. కుప్పంలో రైలెక్కితే జోలార్‌పేట, కాట్పాడి, అరక్కోణం మీదుగా నేరుగా సెంట్రల్‌లో దిగొచ్చు. శ్రీపెరంబుదూర్, ఒరగడం ఫ్యాక్టరీల్లో షిఫ్టు పని, ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో కంప్యూటర్ పని, టి.నగర్ పట్టుచీరల అంగళ్ళలో కౌంటర్ దగ్గర నిలబడే పని. (ఆ చీరల్లో ఉండే దారం మన గూళ్ళదే అయి ఉండొచ్చని చీర మడతపెట్టే పిల్లకి గుర్తుంటుందో లేదో!) పగలు జీతం, రాత్రి డిగ్రీ. కొందరు ఇగ్నో, కొందరు మద్రాసు యూనివర్సిటీ దూరవిద్య, కొందరు సైదాపేటలో ఉన్న తమిళనాడు ఓపెన్ యూనివర్సిటీ. ఐఐటీ మద్రాసు వాళ్ళు 2021లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డిగ్రీ చదివేవాళ్ళు కూడా ఉన్నారు. మన తెలుగువాళ్ళకి హైదరాబాదులో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఎప్పటినుంచో ఉంది. 1982లో పెట్టారు, దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిది.

దూరవిద్య అంటే సులభం అని ఇంట్లో ఒక నమ్మకం ఉంటుంది. కాలేజీకి పోయే పని లేదు కదా, ఫ్రీగా ఉన్నప్పుడు రాసుకుంటాడులే అంటాం. ఆ 'ఫ్రీగా ఉన్నప్పుడు' అనే మాటే కొంప ముంచుతుంది. పురుగుకి ఆకు వేసేది ఫ్రీగా ఉన్నప్పుడా? పెళ్ళయినా, పండగయినా, జ్వరంతో పడుకున్నా టైముకి ఆకు పడాల్సిందే. చదువుకి మాత్రం మిగిలిన టైము ఇస్తాం. పని చేసేవాళ్ళకి టైము మిగలదు.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. ఈ లెక్క మనకి వేరేవాళ్ళు నేర్పక్కర్లేదు, రోజూ వేసేదే.

చాకీ సెంటర్ నుంచి రెండో జ్వరం లేచిన పురుగులు తెచ్చుకుంటాం అనుకోండి. మూడో దశ మూడున్నర, నాలుగు రోజులు. ఒక రోజు జ్వరం. నాలుగో దశ నాలుగైదు రోజులు. మళ్ళీ ఒక రోజు పైన జ్వరం. అయిదో దశ ఏడెనిమిది రోజులు. తర్వాత చంద్రికల మీదకి. అక్కడినుంచి ఆరో రోజు అటూ ఇటూ గూళ్ళు విడిపించి మార్కెట్. మొత్తం మీద చాకీ ఇంటికి వచ్చిన రోజు నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా 24, 25 రోజులు. చలి, ముసురు ఉంటే ఇంకో రోజో రెండు రోజులో.

ఈ 25 రోజులూ ఒకే బరువు కాదు. పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతం పైనే అయిదో దశలో తింటుంది. కొమ్మలు కోసేది, మోసేది, పరిచేది అంతా ఆ వారంలోనే. చెన్నైలో ఉన్న పిల్లోడికి ఫోన్ పోయేది కూడా ఆ వారంలోనే. "నాయనా, కూలోళ్ళు దొరకలేదు, రెండు రోజులు లీవు పెట్టి రా." వాడు వస్తాడు. అసైన్‌మెంట్ కోసం దాచుకున్న సెలవు ఆకు కోతకి పోతుంది.

తేదీలు వేసి చూడండి. గడువు అక్టోబర్ 31. అక్టోబర్ 14న చాకీ తెచ్చుకుంటే నాలుగో జ్వరం లేచేది 25 ప్రాంతంలో. అయిదో దశ మొత్తం గడువు మీదే పడుతుంది. ఇంట్లో చదివే కోడలు ఉన్నా, ఊరికి పిలిపించుకునే కొడుకు ఉన్నా ఇద్దరికీ కుదరదు. అదే చాకీని సెప్టెంబర్ 24కి అడిగి పెట్టుకుంటే అక్టోబర్ 5 నుంచి 12 దాకా అయిదో దశ, 18, 19కి మార్కెట్. షెడ్డు కడిగి మందు కొట్టే పని పెద్దవాళ్ళు చూసుకుంటే, చదివేవాళ్ళకి చివరి పది రోజులు పూర్తిగా మిగులుతాయి. ఆకు సిద్ధంగా లేకపోతే ఇలా కుదరదు, నిజమే. తోట కత్తిరించిన తేదీ ముందు చూసుకోవాలి. అయితే వారం ముందుకో వెనక్కో జరుపుకునే వీలు ఉన్నప్పుడు చాకీ బుక్ చేసేముందు పిల్లల్ని ఒక్క మాట అడగండి. "మీ గడువు ఎప్పుడు?" అని. చాలా ఇళ్ళల్లో ఈ ప్రశ్న అడగరు. పిల్లలూ తమంతట తాము చెప్పరు.

షెడ్డు దగ్గరే ఉండి చదివేవాళ్ళకి ఇంకో సంగతి. పురుగు జ్వరంలో ఉన్న రోజు ఆకు వేయం. సున్నం చల్లి, గాలి ఆడేలా చూసి వదిలేస్తాం. మూడో జ్వరం ఒకటి, నాలుగో జ్వరం ఒకటి. బ్యాచ్ మొత్తంలో మీకు దొరికే పెద్ద ఖాళీలు ఈ రెండే. ఆ రోజు బట్టలు ఉతకడం, సంతకి పోవడం, చుట్టాల ఇంటికి పోవడం పెట్టుకోకుండా పుస్తకం ముందు కూర్చుంటే ఒక అసైన్‌మెంట్ సగానికి పైగా అయిపోతుంది. నాలుగో జ్వరం లేచాక మాత్రం పుస్తకం సంగతి మరిచిపోండి. ఆ వారంలో చదువుదామని పెట్టుకుని, చదవలేక, రాత్రి పదకొండుకి ఏడ్చేదానికంటే ముందే ఆ వారాన్ని కొట్టేసి పెట్టుకోవడం మేలు.

*నిబంధనలు చదివితే సగం భయం పోతుంది*

గడువు అంటే భయపడేవాళ్ళలో ఎక్కువ మంది తమ కోర్సు నిబంధనలు చదివి ఉండరు. ఇగ్నో సంగతి చెప్తాం. చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం లెక్క. అసైన్‌మెంట్ ఒకసారి పాసయితే, పరీక్ష తప్పినా ఆ మార్కులు అలాగే ఉంటాయి. మళ్ళీ పరీక్ష ఒక్కటి రాస్తే చాలు. జూన్‌లో కుదరకపోతే డిసెంబర్, డిసెంబర్‌లో కుదరకపోతే మళ్ళీ జూన్. మూడేళ్ళ డిగ్రీకి ఆరేళ్ళ దాకా టైము ఇస్తారు. అంటే ఒక పంట ముంచినంత మాత్రాన, ఒక సెమిస్టర్ ఆగినంత మాత్రాన చదువు చెడిపోయినట్టు కాదు. ఈ ఆరేళ్ళ సంగతి తెలియక మొదటి ఏడాదే మానేసినవాళ్ళు ఉన్నారు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. అసైన్‌మెంట్ ప్రశ్నలు ఏడాదికి మారతాయి, పాత ప్రశ్నలకి రాసినవి తీసుకోరు. చేతిరాతతోనే రాయాలి. స్టడీ సెంటర్లో ఇస్తే రసీదు అడిగి తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే వచ్చిన మెసేజిని దాచుకోవాలి. మార్కులు వెబ్‌సైట్‌లో ఎక్కేదాకా ఆ రసీదు మీ దగ్గర ఉండాలి. గూళ్ళ మార్కెట్లో తూకం చీటీ పారేస్తామా? ఇదీ అంతే. గడువు పొడిగిస్తారులే అని కూర్చోవద్దు. పొడిగించిన సందర్భాలు ఉన్నాయి, కానీ అది మన చేతిలో లేని విషయం.

మాటలో మాట, మన పట్టు పని మీదే ఇగ్నోలో ఒక సర్టిఫికెట్ కోర్సు ఉంది. సెంట్రల్ సిల్క్ బోర్డు సహకారంతో తయారైంది, కనీస కాలం ఆరు నెలలు. డిగ్రీ పెద్ద బరువు అనిపించేవాళ్ళు దాని వివరాలు కనుక్కోవచ్చు.

ఐఐటీ మద్రాసు డిగ్రీ దారి వేరు. అక్కడ అసైన్‌మెంట్ వారం వారం ఉంటుంది. ఏడాదికి మూడు టర్ములు, జనవరి, మే, సెప్టెంబర్. పాఠాలు ఆన్‌లైన్‌లో, క్విజ్‌లూ చివరి పరీక్షా మాత్రం సెంటర్‌కి పోయి రాయాలి. చేరేదానికి జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి, వాళ్ళు పెట్టే అర్హత పరీక్ష పాసయితే చాలు. కుటుంబ ఆదాయాన్ని, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. మధ్యలో ఆగినా చదివినదాన్ని బట్టి సర్టిఫికెటో డిప్లొమానో చేతికి వస్తుంది. ఒక్కో సబ్జెక్టుకి వారానికి పది గంటల దాకా పడుతుందని వాళ్ళే చెప్తారు. టర్ముకి నాలుగు సబ్జెక్టుల దాకా తీసుకోవచ్చు. ఇక్కడే మన పిల్లలు దెబ్బ తింటున్నారు. నాలుగు తీసుకుంటే వారానికి 40 గంటలు, అంటే ఇంకో ఉద్యోగం! ఫ్యాక్టరీలో 48 గంటలు పని చేసి మళ్ళీ 40 గంటలు ఎక్కడినుంచి తెస్తారు? పని చేసేవాళ్ళు మొదటి టర్ములో ఒకటి, బాగా జరిగితే తర్వాత రెండు తీసుకుంటే చాలు అని మా అభిప్రాయం. తోటివాడు నాలుగు తీసుకున్నాడని మనమూ తీసుకోవడం, మన తోటలో ఉన్న ఆకు చూసుకోకుండా పక్కింటివాళ్ళు 300 గుడ్లు తెచ్చారని మనమూ తెచ్చినట్టే.

*చెన్నైలో ఉన్నవాళ్ళకి*

షిఫ్టు పని చేసేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. రాత్రి షిఫ్టు దిగి, పొద్దున ఏడింటికి రూముకి వచ్చి, టీ తాగి పుస్తకం తెరుస్తారు. రెండు పేజీలు చదివేసరికి కళ్ళు మూతలు పడతాయి, మూడు గంటలు పోతాయి, రాసింది అర పేజీ. ముందు నిద్ర పోండి. లేచి, తిని, మళ్ళీ షిఫ్టుకి పోయేముందు రెండు గంటలు కూర్చోండి. మధ్యాహ్నం షిఫ్టు వారం వస్తే అదే బంగారం, పొద్దున మూడు గంటలు మీవే. షిఫ్టు చార్టు చేతికి రాగానే మధ్యాహ్నం షిఫ్టు వారాల మీద గుర్తు పెట్టుకుని, బరువైన అసైన్‌మెంట్లు అక్కడ వేసుకోండి. కంపెనీ బస్సులో పోయే గంట రాసేదానికి పనికిరాదు, వినేదానికి పనికొస్తుంది. ఇగ్నో పుస్తకాలు ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఐఐటీ మద్రాసు పాఠాలు యూట్యూబ్‌లోనే ఉన్నాయి.

రూములో ఆరుగురు ఉంటే చదువు సాగదు. కొట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది, 2010లో తెరిచారు. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేదానికి విడిగా చోటు ఉంది, చల్లగా ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. వారంలో ఒక సెలవు రోజు అక్కడ నాలుగు గంటలు కూర్చుంటే రూములో వారమంతా చదివిన దానికి సమానం. ఎగ్మూర్‌లో కన్నెమరా గ్రంథాలయం 1896 నాటిది, అక్కడా కూర్చోవచ్చు.

అసైన్‌మెంట్ చూడగానే గుండె జారేవాళ్ళకి ఒక పద్ధతి. ప్రశ్నలు వచ్చిన రోజే జవాబు రాయొద్దు. ఒక గంట కూర్చుని ప్రశ్నలు చదివి, ఏ ప్రశ్నకి జవాబు పుస్తకంలో ఏ పేజీలో ఉందో పక్కన పెన్సిల్‌తో రాసి మూసేయండి. అంతే ఆ రోజుకి. పేజీ నంబర్లు పడ్డాక అది కొండలాగా కనిపించదు. తర్వాత రెండు మూడు సార్లు కూర్చుంటే రాయడం అయిపోతుంది, ఇంకోసారి కూర్చుంటే సరి చూసుకుని పై పేజీ నింపడం.

వాన సంగతి మరవొద్దు. చెన్నైలో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. డిసెంబర్ పరీక్షల కాలం సరిగ్గా అదే. 2015 డిసెంబర్‌లో ఊరు మునిగింది. 2023 డిసెంబర్ మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్ళికరణై వైపు రోజుల తరబడి నీళ్ళు నిలబడ్డాయి, కరెంటు లేదు, ఫోన్లు పని చేయలేదు. చివరి రోజు రాత్రి పంపుదాం అనుకున్నవాళ్ళకి అలాంటప్పుడు దారి ఉండదు. గడువుకి వారం ముందే పంపేయండి. హాల్ టికెట్, గుర్తింపు కార్డు, రాసిన పేజీల ఫోటోలు ఫోన్‌లో ఒకచోట, ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా ఇంకోచోట పెట్టండి.

రాసిపెట్టిన అసైన్‌మెంట్లు అమ్ముతామని మెసేజిలు వస్తుంటాయి. వందా రెండొందలకే దొరుకుతాయి. ఒకే జవాబు ఒక్క సెంటర్‌కి ఇరవై మంది నుంచి వస్తే దిద్దేవాళ్ళకి తెలియకుండా పోదు. పట్టుకోకపోయినా, 70 శాతం మార్కుల పరీక్షలో కూర్చున్నప్పుడు ఏమీ తెలియకుండా కూర్చోవాల్సి వస్తుంది. పెబ్రిన్ పరీక్ష చేయని గుడ్లు తక్కువ ధరకి దొరుకుతాయి అంటే మీరు తెచ్చుకుంటారా? ఫోన్‌లో అడిగితే జవాబు రాసిచ్చే యాప్‌లు ఇప్పుడు వచ్చాయి. అర్థం కాని పాఠాన్ని తెలుగులో చెప్పించుకునేదానికి వాడుకోండి, తప్పు లేదు. జవాబు మాత్రం మీరే రాయండి.

*ఫోన్‌లో చెప్పని మాటలు*

ఇది రాయాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాం.

"తిన్నావా నాయనా?"
"తిన్నా మా. పురుగులెట్టుండాయి?"
"బాగుండాయి. నీ చదువు?"
"బాగుంది మా."

ఈ మాటలు జరిగే సమయానికి ఇక్కడ సగం బెడ్లు పాలరోగం తగిలి పారేసి ఉంటారు. అక్కడ వాడు మూడు సబ్జెక్టులు తప్పి, ఫీజు కట్టేదానికి తోటివాడి దగ్గర అప్పు చేసి ఉంటాడు. పిల్లోడు దిగులు పడతాడని ఇంట్లోవాళ్ళు చెప్పరు. ఇంట్లోవాళ్ళు కుంగిపోతారని పిల్లోడు చెప్పడు. ఇద్దరూ ప్రేమతోనే దాస్తారు. చివరికి ఏదో ఒక రోజు రెండూ ఒకేసారి బయటపడతాయి, అప్పటికి మోయలేనంత అవుతాయి.

పంట పోయింది అంటే పోయిందని చెప్పండి. వాడు మీ కంటే ముందు పురుగులు చనిపోవడం చూడనివాడేమీ కాదు, షెడ్డులో పెరిగినవాడే. మీరు చెప్తే వాడికీ చెప్పే ధైర్యం వస్తుంది. మార్కులు ఎన్ని వచ్చాయి అని అడిగేకంటే, ఈ వారం ఎన్ని గంటలు నిద్రపోయావు అని అడిగి చూడండి. జవాబులోనే అన్నీ తెలిసిపోతాయి.

తప్పినవాళ్ళు చెడిపోయినవాళ్ళు కారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినే ఉంటారు. ఆయన మెట్రిక్ పాసయింది మూడోసారికి, అదీ ఈ మద్రాసులోనే, హిందూ హైస్కూల్లో. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత అమెరికా పోయినప్పుడు ఖర్చులకి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసి, పగలు చదువుకున్నారు. 1930లో హార్వర్డ్‌లో డాక్టరేట్ వచ్చింది. తర్వాత ఆయన కనిపెట్టిన మందులు ప్రపంచమంతా వాడారు. అందరూ అంత అవుతారని కాదు. రెండుసార్లు తప్పినప్పుడు ఆయన ఇంట్లో కూడా మన ఇళ్ళల్లో లాంటి మాటలే జరిగి ఉంటాయి కదా అనిపిస్తుంది.

కొన్ని గుర్తులు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, ఫోన్ ఎత్తకపోవడం, ఎప్పుడూ లేనిది ఎక్కువ తాగడం, దాచుకున్న వస్తువులు ఇతరులకి ఇచ్చేయడం, "నా వల్ల మీకు భారమే" లాంటి మాటలు. ఇలాంటి మాట ఒక్కటి విన్నా, పురుగులు అయిదో దశలో ఉన్నా సరే, ఇంట్లో ఒకరు రైలెక్కండి. ఆ రోజుకి ఆకు పక్కింటివాళ్ళు వేస్తారు. మాట్లాడేదానికి టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది, 2022 అక్టోబర్ 10న మొదలైంది. 14416కి ఫోన్ చేస్తే డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చెన్నైలోనే 1986 నుంచి స్నేహ అనే సంస్థ ఇలాంటి దిగులులో ఉన్నవాళ్ళ మాట వింటోంది. పిచ్చి పట్టినవాళ్ళు చేసే ఫోన్ కాదది. తోట ఎండుతుంటే ఆఫీసర్‌కి ఫోన్ చేయమా, ఇదీ అలాంటిదే. ఆ నంబర్ మీ పిల్లల ఫోన్‌లో ఇప్పుడే ఎక్కించండి, మీ ఫోన్‌లో కూడా.

ఇక ఈ వారం పని. చెన్నైలో ఉన్న మీ పిల్లలకి ఈ మెసేజి పంపి, వాళ్ళ గడువు తేదీ, పరీక్ష తేదీలు, షిఫ్టు చార్టు అడిగి తీసుకోండి. షెడ్డు గోడ మీద చాకీ తేదీ రాసే కేలండర్ ఉంటుంది కదా, అదే కేలండర్‌లో ఎర్ర పెన్నుతో రాయండి. సెప్టెంబర్ నెలాఖరు చాకీ కావాల్సినవాళ్ళు మీ సెంటర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టుకోండి, ఆలస్యమైతే తేదీ దొరకదు.

వచ్చే వారం: ముసురు రోజుల్లో షెడ్డులో తేమ, సున్నపుకట్టు రోగం.